లోపమున్న వాద్యం, నిండైన పాట: రెండు డెల్టాల సంగీతంపై ఒక పరిశీలన

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- వాద్యంలోని లోపం, రికార్డింగు యంత్రంలోని లోపం, కళాకారుని లోపం - ఈ మూడింటినీ వేరుచేసి చూడగలుగుతారు.
- అమెరికాలోని బ్లూస్ సంగీతాన్ని మన పద్యనాటక సంగీతంతోనూ బుర్రకథతోనూ పోల్చగలుగుతారు. ఆ పోలిక ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పగలుగుతారు.
- ఇంట్లోనో, ఊళ్ళోనో చేసిన రికార్డింగును విమర్శకుని చెవితో విని, దానిపై ఒక పేజీ వ్యాఖ్య రాయగలుగుతారు.

7.1 పరిచయం

మీలో చాలామంది ఉద్యోగం చేసుకుంటూనో, ఇల్లు చక్కబెట్టుకుంటూనో ఈ పుస్తకం చదువుతున్నారు. సంగీత విమర్శ అనగానే త్యాగరాజ కృతులు, సభలు, బిరుదులు గుర్తుకు వచ్చి, అది మనకు సంబంధించినది కాదని మీరు అనుకోవచ్చు. అందుకే ఈ పాఠాన్ని సభ నుంచి కాకుండా అటక మీద నుంచి మొదలుపెడుతున్నాను. కృష్ణా డెల్టాలో నాటకాల పిచ్చి ఉన్న ఇళ్ళు చాలా ఉండేవి. అలాంటి ఇంటి అటక మీద వెతికితే ఒక పాత హార్మోనియం దొరుకుతుంది. దాని తిత్తికి చిల్లు పడి ఉంటుంది. ఒక మెట్టు నొక్కితే పైకి లేవదు, ఇంకొకటి నొక్కకుండానే మోగుతూ ఉంటుంది. వానాకాలంలో చెక్క ఉబ్బి మెట్లు బిగుసుకుపోతాయి.

ఈ పెట్టె మీద వాయిస్తూ ఒకరు పాడారనుకోండి. ఇంకొకరు దాన్ని సెల్‌ఫోన్‌లో రికార్డు చేశారనుకోండి. ఆ పాటను మనం ఎలా అంచనా కట్టాలి? 'పాపం, పెట్టె బాగాలేదు' అని జాలిపడాలా? 'పాతదనంలోనే అందం ఉంది' అని మురిసిపోవాలా? ఈ రెండూ విమర్శ కావని నా అభిప్రాయం. మొదటిది పాటను వినకముందే కొట్టివేస్తుంది. రెండోది పాటను వినకుండానే పొగుడుతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న దారిని వెతకడమే ఈ పాఠం చేసే పని.

7.2 బ్లూస్: చేతికి దొరికిన వాద్యం

ముందుగా కొంచెం దూరం వెళదాం. అమెరికాలో మిసిసిపి రాష్ట్రానికి వాయవ్యంగా, మిసిసిపి, యాజూ నదుల మధ్య ఉన్న ఒండ్రునేలను అక్కడివారు 'డెల్టా' అంటారు. నది సముద్రంలో కలిసే చోటు కాకపోయినా ఆ పేరు స్థిరపడింది. అది పత్తి పండే నేల. బానిసత్వం చట్టప్రకారం రద్దయిన తరువాత కూడా అక్కడి నల్లజాతి రైతుకూలీలు భూస్వాముల పొలాలను పాలుకు చేస్తూ, తీరని అప్పుల్లో బతికారు. బ్లూస్ అనే పాట వారి మధ్య రూపుదిద్దుకుంది.

బ్లూస్ కట్టుబడి చాలా సరళమైనది. గాయకుడు ఒక పాదం పాడతాడు. అదే పాదాన్ని మళ్ళీ పాడతాడు. మూడో పాదంలో దానికి జవాబు చెబుతాడు. ప్రతి పాదం చివర గొంతు ఆగిన చోట గిటారు బదులు పలుకుతుంది. మన భాషలో చెప్పాలంటే, ఒంటరి బ్లూస్ గాయకునికి గిటారే వంత.

ఇక వాద్యాల సంగతి. గిటారు కొనలేని పిల్లలు చీపురుకు చుట్టిన ఇనుప తీగను విప్పి, ఇంటి గోడకు మేకులతో బిగించి, కింద ఒక సీసా దోపి, మరో సీసాతో తీగ మీద రాస్తూ వాయించేవారు. ఆ ఒంటితీగ వాద్యానికి 'డిడ్లీ బో' అని పేరు. కొనగలిగినవారు చౌక గిటార్లు కొనేవారు. తరువాతి కాలంలో ప్రపంచ ప్రసిద్ధుడైన మడ్డీ వాటర్స్ తన మొదటి గిటారును రెండున్నర డాలర్లకు కొన్నానని చెప్పుకున్నాడు. డబ్ల్యూ. సి. హ్యాండీ అనే సంగీతకారుడు 1903 ప్రాంతంలో టట్‌వైలర్ రైల్వేస్టేషన్‌లో ఒక అనామకుడు గిటారు తీగల మీద కత్తిని ఆనించి వాయిస్తుంటే విన్నాడు. ఆ నాదం తనను వదలలేదని తన ఆత్మకథలో రాశాడు.

కత్తిని, సీసా మెడను ఎందుకు వాడారో గమనించండి. గిటారు మెడ మీద అడ్డంగా బిగించిన లోహపు మెట్లు స్వరాలను విడివిడి ముక్కలుగా కోసి ఇస్తాయి. గాయకుని గొంతు పలికే స్వరం ఆ ముక్కల మధ్య ఉంటుంది. గాంధారం పూర్తిగా అంతరమూ కాదు, సాధారణమూ కాదు. నిషాదం కూడా అంతే. వీటినే 'బ్లూ నోట్' అంటారు. మెట్లు ఇవ్వని ఆ స్వరం కోసం వాద్యకారుడు మెట్లను దాటి, తీగ మీద జారే సాధనాన్ని తెచ్చుకున్నాడు. జారే వీలు కూడా లేని పియానో మీద పక్కపక్క మెట్లు రెంటినీ కలిపి నొక్కి ఆ మధ్య స్వరాన్ని స్ఫురింపజేశారు. అంటే వాద్యానికి ఉన్న హద్దు నుంచే శైలి పుట్టింది. ఈ వాక్యాన్ని గుర్తుంచుకోండి. మన డెల్టాకు వచ్చినప్పుడు దీన్ని పరీక్షించి చూద్దాం.

7.3 కృష్ణా డెల్టాలో హార్మోనియం

బెజవాడ దగ్గర కృష్ణానదిపై 1852-55 మధ్య ఆనకట్ట కట్టారు. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. కాలువల నీటితో వరి పండింది, చేతిలో డబ్బు ఆడింది. ఆ డబ్బుతో పాటే నాటకమూ పెరిగింది. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు ఊరూరా ఆడారు. మైలవరం కంపెనీ వంటి నాటక సమాజాలు పేరు తెచ్చుకున్నాయి. రంగస్థలం పక్కన హార్మోనియం లేకుండా పద్యనాటకమే లేదన్న స్థితి వచ్చింది.

ఈ పెట్టె మనది కాదు. 1840ల్లో పారిస్‌లో రూపొందింది. కాళ్ళతో తొక్కే ఆ వాద్యాన్ని, నేల మీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఊదుతూ రెండో చేత్తో వాయించేలా కలకత్తాలో మార్చారు. గాలి ఇత్తడి రీడును కదిలిస్తే నాదం పుడుతుంది. స్థాయికి పన్నెండు మెట్లు, అన్నీ సమాన దూరంలో. సమాన దూరం అన్నదే చిక్కు. షడ్జానికి సహజంగా అతికే అంతర గాంధారంతో పోలిస్తే హార్మోనియం గాంధారం హెచ్చుగా ఉంటుంది. అరస్వరాన్ని వంద భాగాలు చేస్తే సుమారు పద్నాలుగు భాగాల తేడా. పైగా మెట్టు నుంచి మెట్టుకు దూకడమే గాని జారడం లేదు. గమకమే ప్రాణమైన సంగీతానికి గమకం పలకని వాద్యం వచ్చి చేరిందన్నమాట.

పెద్దలు దీన్ని చూస్తూ ఊరుకోలేదు. ఆకాశవాణి 1940 మార్చి 1 నుంచి హార్మోనియాన్ని తన ప్రసారాల నుంచి నిషేధించింది. రవీంద్రనాథ్ ఠాగూర్ వంటివారు కూడా ఈ వాద్యాన్ని వ్యతిరేకించారు. ఆ నిషేధం 1971లో గాని సడలలేదు. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. ఇప్పుడు ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. పుట్టిన రోజు నుంచి ఇరవై రెండేళ్ళకు పైగా ఆ రేడియో కేంద్రం హార్మోనియానికి తలుపు మూసిన సంస్థలో భాగం. అదే కాలంలో చుట్టుపక్కల ఊళ్ళలో తెల్లవార్లూ నాటకాలు హార్మోనియం మీదే నడిచాయి. ఒకే గాలిలో రెండు తీర్పులు.

ఎవరిది సరైన తీర్పు? సంగీతశాస్త్రం వరకు నిషేధించినవారి వాదనలో నిజం ఉంది. నేను దాన్ని తోసిపుచ్చను. అయితే వారు వాద్యాన్ని విడిగా విన్నారు. నాటకశాలలో కూర్చున్న ప్రేక్షకుడు దాన్ని విడిగా వినలేదు. నటుడు పద్యం ఎత్తుకుంటాడు. హార్మోనిస్టు అతని వెనకే నడుస్తాడు. నటుడు ఊపిరి తీసుకునే క్షణంలో పెట్టె ఆ ఖాళీని నింపి, రాగాన్ని కింద పడకుండా పట్టుకుంటుంది. గొంతు జారుతూ ఉంటే పెట్టె కదలకుండా నిలబడుతుంది. కదలని స్వరం పక్కన జారే స్వరాన్ని వింటున్నాం కాబట్టే ఆ జారుడు మనకు ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. గమకం పెట్టెలో లేదు నిజమే. అది గొంతుకూ పెట్టెకూ మధ్య ఉంది. మైకులు లేని రోజుల్లో వెనక బల్ల మీది మనిషికి కూడా శ్రుతి వినిపించాలంటే తంబురా నాదం చాలదు. ఇత్తడి రీడు బిగ్గరగా మోగుతుంది. లోపం ఉన్నప్పటికీ ఆ వాద్యాన్ని ఎంచుకోవడానికి ఇదొక బలమైన కారణం.

ఆలోచించండి: మీరు విన్న ఒక నాటక పద్యాన్ని గుర్తు చేసుకోండి. రాగాలాపనలో హార్మోనియం ఎప్పుడు గాయకుని వెనక ఉంది? ఎప్పుడు ముందుకు వచ్చింది?

7.4 బుర్రకథ: తంబురా, గుమ్మెట, వంత

హార్మోనియం అంగట్లో కొన్న వాద్యం. బుర్రకథ వాద్యాలు అలా కాదు. కథకుని భుజాన తంబురా ఉంటుంది. బొటనవేలికి తొడిగిన అందె, రెండో చేతిలోని అందెకు తగిలి మోగుతూ ఉంటుంది. రెండు పక్కలా ఇద్దరు వంతలు గుమ్మెటలు వాయిస్తారు. వారిలో ఒకరు హాస్యం చెబుతారు, ఇంకొకరు సమకాలీన రాజకీయం చెబుతారు. గుమ్మెట ఒళ్ళు మట్టితో చేసింది. దానికి బిగించిన చర్మం తేమకు వదులవుతుంది, ఎండకు బిగుస్తుంది. కాలువల మధ్య ఊళ్ళలో, రాత్రి మంచులో, కథ మొదలైనప్పటి శ్రుతి కథ ముగిసేసరికి ఉండదు.

ఈ కళను ఆధునిక కాలానికి నడిపించినవారిలో ప్రముఖుడు షేక్ నాజర్ (1920-1997). గుంటూరు జిల్లా పొన్నెకల్లు ఆయన స్వస్థలం. 1940ల్లో ప్రజానాట్యమండలితో కలిసి పనిచేశారు. 'పల్నాటి యుద్ధం', 'బొబ్బిలి యుద్ధం', 'బెంగాల్ కరువు' వంటి కథలు చెప్పారు. 1954లో వచ్చిన 'అగ్గిరాముడు' సినిమాలో ఆయన బుర్రకథ ఉంది. 1986లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. దూదేకేవారి కులాన్ని సూచించే ఆ మాటను దాచుకోకుండా ఆయన పుస్తకం పేరుగా నిలబెట్టుకున్నారు. దూదేకులవారి పనిముట్టు ఒక పెద్ద విల్లు. దాని నారిని కొయ్యతో కొడితే దూది విడుతుంది, నారి ఝుమ్మంటుంది. మిసిసిపిలో పత్తి ఏరిన చేతులు గోడకు తీగ బిగించాయి. ఇక్కడ పత్తి ఏకే విల్లు ఒంటితీగగా మోగింది. ఈ రెంటికీ చారిత్రక సంబంధం ఉందని నేను అనడం లేదు. శ్రమలో వినిపించే నాదానికి అలవాటుపడిన చెవి, వాద్యం అంటే ఏమిటో సభలో కూర్చున్న చెవి కంటే వేరుగా నిర్ణయించుకుంటుందని మాత్రమే అంటున్నాను.

బుర్రకథలో వాద్యాల పరిమితిని వంతలు పూడుస్తారు. తంబురా ఇచ్చేది శ్రుతి, కొంత లయ. అంతకు మించి రాగం చూపలేదు. అందువల్ల రాగ భారమంతా గొంతుల మీద పడుతుంది. కథకుడు పాదం విడిచిన చోట వంతలు అందుకుంటారు. 'తందాన' అన్న మాటకు అర్థం లేదు గాని పని ఉంది. కథకునికి ఊపిరిని, ప్రేక్షకునికి జ్ఞాపకాన్ని అందిస్తుంది.

7.5 యంత్రం విన్నది, మనం విన్నది

ఇప్పుడు రికార్డింగు. 78 వేగపు గ్రామఫోన్ రికార్డు లక్కతో చేసింది. పది అంగుళాల పళ్ళానికి ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలు పట్టేది. మన నాటక పద్యాలూ ఆ మూడు నిమిషాల్లోనే ఇమడవలసి వచ్చింది. ఒక్క పద్యాన్ని పావుగంట సాగదీసి 'వన్స్ మోర్' అనిపించుకున్న నటుడు రికార్డులో ఆలాపన కుదించుకున్నాడు. రికార్డు మాత్రమే విని 'ఆ రోజుల్లో రాగం ఇంతే తీసేవారు' అనే విమర్శకుడు యంత్రం లోపాన్ని కళాకారునికి అంటగడుతున్నాడు.

బ్లూస్ విషయంలోనూ ఇంతే. చార్లీ ప్యాటన్ పాటలు 1929 నుంచి పారామౌంట్ అనే సంస్థ రికార్డులుగా వచ్చాయి. ఆ సంస్థ ఒక కుర్చీల తయారీ కంపెనీకి చెందినది. వారు గ్రామఫోన్ పెట్టెలు తయారుచేస్తూ, వాటితో పాటు రికార్డులు కూడా అమ్మారు. నాసిరకం పదార్థంతో చేసిన ఆ రికార్డుల్లో నేడు మనకు మిగిలినవి ఎక్కువగా అరిగిన ప్రతులే. వింటే వాన కురుస్తున్నట్లు ఉంటుంది. ఆ గరగర ప్యాటన్ సంగీతంలో భాగం కాదు. దాన్ని 'బ్లూస్ ఆత్మ' అని పొగిడేవారు కూడా పొరపడుతున్నట్లే.

ఇంకో ఉదాహరణ చూడండి. 1941 ఆగస్టులో ఆలన్ లోమాక్స్, జాన్ వర్క్ అనే పరిశోధకులు రికార్డు కోసే యంత్రాన్ని వెంటబెట్టుకుని స్టోవాల్ అనే ఎస్టేటుకు వెళ్ళి, ట్రాక్టరు నడిపే మడ్డీ వాటర్స్ పాటను అతని ఇంట్లోనే రికార్డు చేశారు. తన గొంతును యంత్రం నుంచి విన్నప్పుడు తానూ గాయకుడినేనన్న నమ్మకం కలిగిందని అతడు తరువాత చెప్పాడు. 1943లో చికాగో వెళ్ళి, ఆపై ఎలక్ట్రిక్ గిటారు పట్టాడు. ఇందులో మనకు రెండు పాఠాలు ఉన్నాయి. ఒకటి, ఇంట్లో చేసిన రికార్డింగు పాడినవారికే అద్దం కాగలదు. రెండు, కళాకారుడు పాత వాద్యాన్ని ప్రేమతో పట్టుకుని కూర్చోలేదు. మెరుగైనది దొరకగానే అందుకున్నాడు. పేదరికంలోని వాద్యాన్ని మనం పూజించవచ్చు గాని, దానితో బతికినవాడు పూజించలేదు.

7.6 నేను చేసిన పొరపాటు

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. 1980ల్లో నేను దివిసీమలోని ఒక ఊరికి టేప్ రికార్డరు తీసుకుని బుర్రకథ రికార్డు చేయడానికి వెళ్ళాను. కథకునికి అరవై దాటాయి. ఆయన తంబురా బుర్ర పగిలితే లక్కతో అతికించారు. తీగ మీటితే నాదంతో పాటు జిర్రుమని ఒక శబ్దం వచ్చేది. పరిశోధకుణ్ణి కదా, నాకు అది నచ్చలేదు. విజయవాడ నుంచి మంచి తంబురా ఒకటి అరువు తెప్పించాను. గుమ్మెట మోతకు మైకు పగిలినట్లు వస్తోందని వంతలిద్దరినీ పది అడుగుల దూరంలో కూర్చోబెట్టాను. కుక్కలు మొరగకుండా తలుపులు మూయించాను.

'అయ్యగారూ, మీరెట్టా అంటే అట్టాగే' అన్నారాయన. రికార్డింగు శుభ్రంగా వచ్చింది. మాట మాటా వినిపిస్తోంది. కథ మాత్రం లేదు. వంతలు దూరమయ్యేసరికి ఆయన పాదం విడిచే చోటు తప్పింది. కొత్త తంబురా బరువు వేరు కావడంతో అడుగు వేయలేకపోయారు. మర్నాటి రాత్రి ఊరి రామాలయం ముందు ఆయన తన పగిలిన తంబురాతోనే చెప్పారు. జనం మధ్య నుంచి ఊరికే టేపు తిప్పి ఉంచాను. జిర్రుమనే తీగ, పిల్లల ఏడుపు, ఎవరో దగ్గడం, అన్నీ పడ్డాయి. ఆ జిర్రు శబ్దాన్ని ఆయన యుద్ధ ఘట్టంలో కావాలని గట్టిగా మీటి వాడుకోవడం ఆ రాత్రే గమనించాను.

తిరిగి వచ్చాక మంచి కాసెట్టు అనుకున్నదాన్ని భద్రపరిచాను. రెండోదాని మీద ఏదో ఉపన్యాసం రికార్డు చేసుకున్నాను. అప్పట్లో కాసెట్లు పొదుపుగా వాడేవాళ్ళం. రెండేళ్ళకు మళ్ళీ వెళ్ళేసరికి ఆయన లేరు. వాళ్ళబ్బాయి 'నాన్న గొంతు ఏమన్నా ఉందాండీ?' అని అడిగాడు. నా దగ్గర ఉన్నది వినిపించాను. కాసేపు విని, 'ఇది నాన్న కాదండీ, నాన్న మీకు పాఠం అప్పజెప్పినట్టుంది' అన్నాడు. నాకు డాక్టరేటు ఉంది. ఆ యువకునికి పదో తరగతి కూడా లేదు. ఆ రోజు సరైన విమర్శ చేసినవాడు అతడే.

7.7 పోలికకు హద్దులు

రెండు డెల్టాలు అన్నాం కదా అని రెండూ ఒకటేనని రాయకండి. బ్లూస్ గాయకుడు 'నేను' అంటాడు. తన ఆకలి, తన ప్రేమ, తన ప్రయాణం చెబుతాడు. బుర్రకథకుడు ఒక వీరుని కథ చెబుతాడు. తన బాధను రాజకీయ వంత నోటి ద్వారానో, హాస్యం ద్వారానో మాత్రమే బయటపెడతాడు. పద్యనాటక నటుడు కృష్ణుడై పాడతాడు. మన దగ్గర బ్లూస్‌లోని 'నేను'కు దగ్గరగా వచ్చేవి నాట్ల పాటలు, తిరగలి పాటలు. వాటికి వాద్యమే లేదు. చేతులు పనిలో ఉన్నాయి కాబట్టి పనే లయ.

ఇంకో తేడా కూడా ఉంది. బ్లూస్ వెనక జాతి వివక్ష ఉంది. మన వాద్యాల వెనక కులం ఉంది. డప్పును ఎవరు వాయించాలో, హార్మోనియం ఎవరింట ఉండాలో ఊరే నిర్ణయించింది. 'లోపమున్న వాద్యం' అన్న మాట కొన్నిసార్లు చర్మం వదులైందని చెప్పదు, వాయించే మనిషి తక్కువవాడని చెబుతుంది. విమర్శకుడు ఈ రెండో అర్థాన్ని గుర్తుపట్టి పక్కకు తీసివేయగలగాలి.

7.8 విమర్శకుడు వేసుకోవలసిన ప్రశ్నలు

ఇల్లూ ఊరూ పుట్టించిన రికార్డింగు ఏది మీ చేతికి వచ్చినా ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

1. వినిపిస్తున్న లోపం ఎవరిది? వాద్యానిదా, యంత్రానిదా, పాడేవారిదా?
2. ఆ లోపాన్ని కళాకారుడు భరిస్తున్నాడా, దాటుతున్నాడా, వాడుకుంటున్నాడా? భరించడం దురదృష్టం. దాటడం నేర్పు. వాడుకోవడం శైలి.
3. దాన్ని లోపమని అన్నది ఎవరు? ఏ చెవితో విని అన్నారు?
4. సరిదిద్దితే ఏం పోతుంది? ఏం మిగులుతుంది?

నాలుగో ప్రశ్న నేడు మరీ అవసరం. గొంతులోని జారుడును 'అపశ్రుతి'గా భావించి, దగ్గరలోని మెట్టు మీదికి లాగి సరిచేసే సాఫ్ట్‌వేరు ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉంది. నాటక పద్యాన్ని దానిలో వేస్తే గమకం తుడిచిపెట్టుకుపోతుంది. హార్మోనియం చేయలేని పనిని గొంతు చేసింది. ఈ యంత్రం గొంతును కూడా హార్మోనియం చేస్తుంది. శబ్దం తగ్గించుకోండి, తప్పులేదు. కాని మూల రికార్డింగును చెరపకుండా ఉంచి, సరిచేసిన ప్రతిని వేరుగా దాచండి.

7.9 సారాంశం

వాద్యంలోని లోపం దానంతట అది అందమూ కాదు, అవలక్షణమూ కాదు. మిసిసిపి డెల్టా గాయకుడు గిటారు మెట్ల మధ్య లేని స్వరాన్ని కత్తితో, సీసాతో పట్టుకున్నాడు. కృష్ణా డెల్టా నటుడు హార్మోనియం పలకని గమకాన్ని గొంతుతో పలికి, కదలని పెట్టెను దానికి నేపథ్యంగా మార్చుకున్నాడు. బుర్రకథకుడు తంబురా చూపలేని రాగాన్ని గొంతుతో చూపి, వంతలను ఆసరా చేసుకున్నాడు. రికార్డింగు యంత్రం ఇందులో కొంత పట్టుకుంది, కొంత వదిలేసింది. ఏది పట్టుకుందో, ఏది వదిలిందో చెప్పడమే విమర్శకుని పని.

7.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'గమకం పెట్టెలో లేదు, గొంతుకూ పెట్టెకూ మధ్య ఉంది' అన్న వాక్యాన్ని మీరు విన్న ఒక పద్యం ఆధారంగా చర్చించండి.
2. ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించడం సమంజసమా? రెండు పక్షాల వాదనలూ రాసి, మీ అభిప్రాయం చెప్పండి.
3. బ్లూస్‌కూ బుర్రకథకూ ఉన్న పోలికలను, భేదాలను వివరించండి.

అభ్యాసం: మీ ఇంట్లోనో, వీధిలోనో పాటో పద్యమో వచ్చిన ఒక పెద్దవారి అనుమతి తీసుకుని, వారికి అలవాటైన వాద్యంతో, వారు ఎప్పుడూ కూర్చునే చోట సెల్‌ఫోన్‌లో రికార్డు చేయండి. తలుపులు మూయకండి. రికార్డయినదాన్ని ముందుగా వారికే వినిపించి, వారేమన్నారో రాసుకోండి. ఆ తరువాతే మీ వ్యాఖ్య రాయండి. ఒక ప్రతిని ఆ ఇంటివారికి తప్పకుండా ఇవ్వండి. ఆ గొంతు మీద మొదటి హక్కు వారిదే.